‘చాలు’ అనలేని మెదడు

పారిస్‌లోని పిటియె-సాల్పెత్రియేర్ ఆస్పత్రిలో ఆ ఇద్దరికీ ఆపరేషన్ చేసింది పార్కిన్సన్స్ జబ్బుకు. మెదడు లోతుల్లోకి సన్నని తీగ దించి, దానిలోంచి ఎడతెగకుండా కొద్దికొద్దిగా కరెంటు పంపితే బిగుసుకుపోయిన కాళ్లూ చేతులూ సడలుతాయని అప్పటికే ఫ్రాన్సులో బాగా తెలుసు. అయితే ఆ ఇద్దరినీ ఏళ్ల తరబడి మరో బాధ కూడా పట్టి పీడిస్తోంది. దాని జోలికి డాక్టర్లు పోలేదు. రెండు వారాలు తిరిగేసరికి అది కూడా వెనకపట్టు పట్టింది. చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం ఆగిపోయింది, బుర్రను తొలిచే ఆలోచనల జోరు తగ్గింది. లూక్ మాలే బృందం 2002లో ఈ సంగతిని ‘లాన్సెట్’ పత్రికలో రాసింది. ఒక జబ్బుకు వైద్యం చేస్తుంటే ఇంకో జబ్బు కదిలిందన్నమాట.

ఆ రెండో బాధ పేరు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. ఓసీడీ అన్న పొట్టిపేరు మన దగ్గర ఇప్పుడు అందరి నోళ్లలోనూ నలుగుతోంది. 2017లో వచ్చిన ‘మహానుభావుడు’ సినిమా దాన్ని ఇంకాస్త ఊళ్లోకి తెచ్చింది. నవ్వుకోవడానికి పనికొచ్చినంతగా జబ్బును అర్థం చేసుకోవడానికి పనికిరాలేదనుకోండి. బల్లమీద పుస్తకాలు వరసగా సర్దుకునేవాళ్లు కూడా ‘నాకు కొంచెం ఓసీడీ లెండి’ అంటుంటారు. వాళ్లకు సర్దుకుంటే తృప్తి కలుగుతుంది. జబ్బున్న మనిషికి దక్కనిది ఆ తృప్తే. గ్యాసు కట్టేసి ఉన్నట్టు కంటికి కనిపిస్తూనే ఉంటుంది, నాబ్ మీద చెయ్యి పెడితే తెలుస్తూనే ఉంటుంది, అయినా కట్టేసినట్టు అనిపించదు. చేతులు కడిగి కడిగి చర్మం పగులుతుంది, మురికి పోయినట్టు మాత్రం ఉండదు. కొందరికి గుళ్లో దేవుడి ముందు నిలబడగానే బూతుమాట మనసులోకి వస్తుంది. కొందరు తల్లులకు పసిబిడ్డను ఎత్తుకున్నప్పుడల్లా కింద పడేస్తానేమోనన్న బొమ్మ కళ్లముందు మెదులుతుంది. అలాంటి తల్లి బిడ్డకు హాని చేసే మనిషి కాదు. ఆ ఊహకే ఆమె వణికిపోతుంది, అందుకే అది ఆమెను వదలదు. అది అర్థంలేనిదని రోగుల్లో చాలామందికి తెలుసు. తెలిసీ ఆగలేకపోవడమే నరకం.

వందమందిలో ఒకరిద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు వస్తుంది. ఎక్కువమంది మందులతోనో, ప్రత్యేక శిక్షణతోనో కోలుకుంటారు, కనీసం బతుకు సాగించగలుగుతారు. ఈ అధ్యాయం మిగిలినవాళ్ల గురించి. తీవ్రతను కొలవడానికి డాక్టర్లు వాడే కొలబద్దను వేన్ గుడ్‌మన్ బృందం 1989లో ప్రకటించింది. యేల్, బ్రౌన్ విశ్వవిద్యాలయాల పేర్లు కలిపి దానికి పెట్టారు. పది ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు మార్కుల వరకు, మొత్తం 40. మార్కులు పెరిగేకొద్దీ జబ్బు ముదిరినట్టు. ఈ ఆలోచనలు రోజులో ఎంతసేపు తినేస్తున్నాయి అన్న ప్రశ్నకు నాలుగు మార్కులు పడాలంటే ఎనిమిది గంటలు దాటాలి. అంటే ఒక ఉద్యోగమంత సేపు. మెదడులో తీగ వేయించుకున్న తొలి రోగుల్లో చాలామంది స్కోరు 30 దాటినవాళ్లే. వాళ్లు రకరకాల మందులు పూర్తి మోతాదులో వాడి చూసినవాళ్లు, నెలల తరబడి శిక్షణలో కూర్చున్నవాళ్లు, అయినా ఫలితం లేక ఏళ్లుగా గదికే పరిమితమైనవాళ్లు.

జబ్బు మెదడులో ఎక్కడ ఉంటుంది? ‘ఫలానా చోట’ అని వేలు పెట్టి చూపలేం గానీ, ఒక దారిని చూపవచ్చు. కళ్లగూళ్లకు కాస్త పైన మెదడు ముందుభాగంలో ఒక పొర ఉంది. ఏదో తేడాగా ఉంది, సరిచెయ్యాలి అని హెచ్చరించడం దాని పనుల్లో ఒకటి. అక్కడి నుంచి సంకేతాలు లోపలికి దిగి స్ట్రయేటమ్ అనే ముద్దకు చేరతాయి, అక్కడి నుంచి థాలమస్‌కు, తిరిగి పైపొరకు. ఆరోగ్యంగా ఉన్న మెదడులో హెచ్చరిక మోగుతుంది, మనిషి లేచి చూసి వస్తాడు, అది ఆగుతుంది. ఓసీడీలో చూసి వచ్చినా ఆగదు. లాస్ ఏంజెలెస్‌లో లూయిస్ బాక్స్‌టర్ బృందం 1987లో పెట్ స్కానర్‌తో చూసినప్పుడు ఈ దారిలోని పైపొరా స్ట్రయేటమ్‌లోని కాడేట్ భాగమూ మామూలు కంటే ఎక్కువ గ్లూకోజును మండిస్తున్నాయి. ఐదేళ్ల తర్వాత అదే బృందం ఇంకా చిత్రమైన సంగతి చెప్పింది. కొందరు రోగులు ఫ్లుయాక్సెటిన్ మాత్రలతో కోలుకున్నారు, కొందరు మాత్ర ఊసే లేకుండా శిక్షణతో కోలుకున్నారు. స్కానులో ఇద్దరికీ మార్పు కనిపించింది ఒకేచోట: కుడివైపు కాడేట్‌లో మంట తగ్గింది. రసాయనం చేసిన పనినే అలవాటు మార్చుకోవడమూ చేసింది. ఈ ఒక్క విషయం పాఠకులు గుర్తుంచుకుంటే ముందుముందు కరెంటు సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

ఆ శిక్షణ ఏమిటో కూడా ఇక్కడే చెప్పుకుందాం. లండన్‌లో విక్టర్ మేయర్ అనే మనస్తత్వవేత్త 1966లో ఇద్దరు రోగులతో మొదలుపెట్టిన పద్ధతి అది. భయపడే వస్తువును ముట్టుకోవాలి, ఆ తర్వాత చేతులు కడుక్కోకూడదు. అంతే. వినడానికి సులువు. కడుక్కోకుండా కూర్చుంటే గుండెదడ పెరుగుతుంది, ఇంకా పెరుగుతుంది, ఒకానొక దశలో దానంతటదే దిగుతుంది. రోజూ ఇలా చేస్తుంటే కడుక్కోకపోయినా ఏమీ కాదని మెదడు నేర్చుకుంటుంది. తీవ్రమైన జబ్బున్నవాళ్లతో వచ్చే చిక్కు ఏమిటంటే, ఆ దడ దిగేదాకా వాళ్లు కూర్చోలేరు. మందు చేదని తాగకపోవడం లాంటిది కాదిది, అసలు గొంతు దిగదు.

మందూ శిక్షణా పనిచేయని చోట వైద్యం కత్తి పట్టుకుంది. ఆ చరిత్ర వినసొంపుగా ఉండదు. పోర్చుగల్‌కు చెందిన ఎగాస్ మోనిజ్ 1935లో మెదడు ముందుభాగపు తంతువులను కోసే పద్ధతి తెచ్చాడు, 1949లో దానికి నోబెల్ కూడా అందుకున్నాడు. అమెరికాలో వాల్టర్ ఫ్రీమన్ దాన్ని కంటిగూటిలోంచి సూది పోటుగా మార్చి వేలమందిపై ప్రయోగించాడు. మనుషులు మనుషులుగా మిగల్లేదు. అదే కాలంలో స్వీడన్‌లో లార్స్ లెక్సెల్ వేరే దారి తొక్కాడు. తలకు లోహపు చట్రం బిగించి, కొలతలు లెక్కకట్టి, ఇంటర్నల్ క్యాప్సూల్ అనే తంతువుల కట్టలో ముందుభాగాన్ని మాత్రం చిన్నగా కాల్చేవాడు. మనం ఇందాక చెప్పుకున్న దారి వెళ్లేది దానిగుండానే. తీవ్ర ఓసీడీ రోగుల్లో కొందరికి ఇది నిజంగానే మేలు చేసింది. కాల్చినదాన్ని తిరిగి అతికించలేకపోవడం ఒక్కటే ఇబ్బంది, కానీ అది చిన్న ఇబ్బంది కాదు.

గ్రెనోబుల్‌లో ఆలిమ్ లూయీ బెనబీద్ పని ఇక్కడ కలుస్తుంది. వణుకు జబ్బుకు థాలమస్‌లో చిన్న భాగాన్ని కాల్చే ముందు, సరైన చోట ఉన్నామో లేదో చూసుకోవడానికి ఆయన తీగలోంచి కరెంటు పంపి పరీక్షించేవాడు. సెకనుకు వంద దాటి స్పందనలు పంపినప్పుడు వణుకు ఆగిపోవడం గమనించాడు. కరెంటు ఆపితే వణుకు వచ్చేది. కాల్చకుండానే కాల్చిన ఫలితం, పైగా వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. 1987లో ప్రకటించిన ఈ పద్ధతే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్, డాక్టర్ల నోట డీబీఎస్. బెల్జియంలోని లూవెన్‌లో బార్ట్ నుటిన్ దాన్ని లెక్సెల్ చూపిన చోటికి తీసుకెళ్లాడు. క్యాప్సూల్‌ను కాల్చడానికి సిద్ధం చేసిన నలుగురు ఓసీడీ రోగులకు, కాల్చడం మాని తీగలు అమర్చాడు. ముగ్గురిలో మేలు కనిపించిందని 1999లో రాశాడు. పారిస్ కాకతాళీయానికి ఇది మూడేళ్లు ముందు. లూవెన్ వాళ్లు పాత శస్త్రచికిత్స అడుగుజాడల్లో ఒక చోటికి వచ్చారు, పారిస్ వాళ్లు పార్కిన్సన్స్ వెంట పడి సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే ఇంకో చోటికి వచ్చారు. సబ్‌థాలమిక్ న్యూక్లియస్ పొడవు సుమారు సెంటీమీటరే.

తీగ మందం 1.27 మిల్లీమీటర్లు. కొసన నాలుగు లోహపు పట్టీలు ఉంటాయి, ఏ పట్టీలోంచి కరెంటు వెళ్లాలో బయటి నుంచి ఎంచుకోవచ్చు. పుర్రెకు రెండువైపులా చిన్న రంధ్రాలు వేసి, ఎమ్మారై పటంలో ముందే గీసుకున్న దారి వెంట తీగలను దించుతారు. మెదడుకు నొప్పి తెలియదు కాబట్టి చాలాచోట్ల రోగిని మెలకువగానే ఉంచుతారు. చర్మం కింది నుంచి వైరు మెడ మీదుగా వచ్చి, కాలర్ ఎముక కింద పాతిన బ్యాటరీ పెట్టెకు కలుస్తుంది. అక్కడి నుంచి సెకనుకు 130 స్పందనల లెక్కన రాత్రీ పగలూ వెళ్తూనే ఉంటాయి.

అది లోపల ఏం చేస్తుంది? కరెంటు ఇస్తే కణాలు ఉత్తేజం పొందాలి కదా, మరి కాల్చిన ఫలితం ఎలా వచ్చింది అని మొదట్లో అందరూ తలలు పట్టుకున్నారు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే వివరణకు మన పెళ్లిపందిరి బాగా పనికొస్తుంది. తాళి కట్టే వేళ గట్టిమేళం వాయిస్తారు, ఆ క్షణంలో ఎవరి తుమ్మూ ఎవరి అపశకునపు మాటా వినబడకూడదని. డీబీఎస్ కూడా ఎవరి నోరూ నొక్కదు. తంతువుల్లోకి ఎడతెగని, అర్థంలేని, ఒకే తీరు మోత పంపుతుంది. జబ్బు దారిలో తిరుగుతున్న ‘తేడాగా ఉంది, తేడాగా ఉంది’ అన్న సంకేతం ఆ మోతలో మునిగిపోతుంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టైన్ ఫీహే, డామియాన్ డెనీస్ల బృందం 2013లో స్కానర్ల సాయంతో చూసి, కరెంటు ఇచ్చినప్పుడు స్ట్రయేటమ్‌కూ ముందుమెదడుకూ మధ్య ఉన్న మితిమీరిన బంధం సడలిందని చూపింది.

ఆమ్‌స్టర్‌డామ్ బృందం చేసిన పరిశీలనల్లో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది స్కాను కాదు, గడియారం. స్ట్రయేటమ్ దిగువన ఉండే న్యూక్లియస్ అకంబెన్స్ దగ్గర కరెంటు సరిగ్గా కుదిరితే రోగి మనసు సెకన్లలో తేలికవుతుంది. కొందరు అప్పటికప్పుడే నవ్వుతారు. ఆందోళన నిమిషాల్లో దిగుతుంది. వేధించే ఆలోచనలు పలచబడడానికి రోజులు కావాలి. తంతులు, అంటే కడగడాలూ తనిఖీలూ లెక్కపెట్టడాలూ, వారాలు నెలలు గడిచినా మొండిగా ఉండిపోతాయి. వణుకు జబ్బులో స్విచ్చు వేయగానే చెయ్యి నిలిచిపోతుంది. ఇక్కడ అలా జరగదు. భయం పోయినవాడు కూడా చేతులు కడుగుతూనే ఉంటాడు, ఎందుకంటే ఇరవై ఏళ్లుగా అదే చేస్తున్నాడు. ఆ బృందం అప్పుడు పాత పద్ధతిని మళ్లీ తెచ్చింది. కరెంటుతో భయం కాస్త సడలిన రోగులను కూర్చోబెట్టి మేయర్ శిక్షణ ఇచ్చింది. ఒకప్పుడు ఐదు నిమిషాలు తాళలేక లేచిపోయినవాళ్లు ఇప్పుడు కూర్చోగలిగారు, స్కోరు మరింత దిగింది. నా దృష్టిలో ఈ చికిత్స అసలు స్వరూపం ఇదే. కరెంటు జబ్బును తీసేయదు. నేర్చుకోవడానికి వీలులేనంతగా బిగుసుకున్నదాన్ని వీలయ్యేంత వదులు చేస్తుంది. మిగతా పాటంతా రోగి పడాల్సిందే.

మేలు నిజమేనా, లేక ఆపరేషన్ చేశారన్న నమ్మకం వల్ల వచ్చిందా? డీబీఎస్‌లో దీన్ని తేల్చడం మిగతా శస్త్రచికిత్సల్లో కంటే సులువు. తీగ లోపల ఉంచి, కరెంటు మాత్రం కట్టేస్తే సరి. 2008లో మాలే బృందం 16 మంది రోగులతో అదే చేసింది. ప్రతి ఒక్కరికీ మూడు నెలలు నిజంగా కరెంటు ఇచ్చారు, మూడు నెలలు ఉత్తుత్తిగా. ఎప్పుడు ఏది నడుస్తోందో రోగికీ తెలియదు, మార్కులు వేసే డాక్టరుకూ తెలియదు. కరెంటు ఉన్న నెలల చివర సగటు స్కోరు 19, లేని నెలల చివర 28. ఇరవై ఎనిమిదికీ పంతొమ్మిదికీ మధ్య తేడా అంటే మంచం పట్టిన మనిషికీ, బాధతోనే అయినా ఇంటిపని చేసుకునే మనిషికీ మధ్య తేడా అనుకోవచ్చు. అదే పరిశోధనలో 15 తీవ్ర దుష్ఫలితాలు కూడా నమోదయ్యాయి. ఒకరికి మెదడులో రక్తస్రావం, ఇద్దరికి ఇన్‌ఫెక్షన్ అయ్యాయి. పదహారుమందిలో అది చిన్న సంఖ్య కాదు. 2010లో డెనీస్ బృందం కూడా 16 మంది ఫలితాలే ప్రకటించింది. తొమ్మిదిమందికి బాగా పనిచేసింది, ఏడుగురికి అంతగా పనిచేయలేదు. ప్రపంచవ్యాప్తంగా అచ్చయిన 352 మంది రోగుల లెక్కలను 2022లో కలిపి చూస్తే, సుమారు మూడింట రెండువంతుల మందిలో చెప్పుకోదగ్గ మేలు కనిపించింది. ‘మేలు’ అంటే స్కోరు 35 శాతం తగ్గడం. పూర్తిగా నయమైనవాళ్లు తక్కువ.

మనసు తేలికైతే మంచిదే కదా అనుకుంటాం. మరీ తేలికైతే? కరెంటు మోతాదు కాస్త పెరిగితే కొందరు రోగులు రోజుల తరబడి నిద్రలేకుండా ఉత్సాహంతో ఊగిపోతారు, దుబారాగా ఖర్చుపెడతారు, ఇంట్లోవాళ్లకు కొత్త తలనొప్పి. డాక్టరు చేతిలోని రిమోటుతో మోతాదు తగ్గిస్తే అది సర్దుకుంటుంది. 2014లో డచ్ వైద్యులు రాసిన ఒక రోగి కథ దీనికంటే ఆలోచింపజేస్తుంది. ఆయన పేరు దాచి ‘మిస్టర్ బి’ అన్నారు. సంగీతం మీద పెద్దగా మోజు లేని మనిషి, డీబీఎస్ తర్వాత అమెరికన్ గాయకుడు జానీ క్యాష్‌కు వీరాభిమాని అయిపోయాడు. వేరే పాట చెవికెక్కదు. బ్యాటరీ అయిపోయినప్పుడు ఆ అభిమానం కూడా పోయేది, కొత్త బ్యాటరీ వేస్తే తిరిగి వచ్చేది. ఆయనకు దీనివల్ల నష్టమేమీ లేదు, సంతోషంగానే ఉన్నాడు. ఇష్టాలు ఎక్కడి నుంచి వస్తాయన్న ప్రశ్న మాత్రం మనకు మిగులుతుంది. నేనైతే దీన్ని భయంగా చూడను. మందు వేసుకున్నవాడి ఇష్టాలు కూడా మారతాయి, కాకపోతే అక్కడ స్విచ్చు కనిపించదు.

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి దాని సంగతి కూడా. క్యాప్సూల్ దగ్గర పార్కిన్సన్స్‌లో కంటే ఎక్కువ కరెంటు కావాలి, అందుకని తొలినాళ్ల పెట్టెలు ఏడాది రెండేళ్లకే ఖాళీ అయ్యేవి. ఖాళీ అయితే జబ్బు విరుచుకుపడేది. రీచార్జి చేసుకునే పెట్టెలు వచ్చాక ఆ బాధ తగ్గింది, చార్జింగ్ మరిచిపోకూడదన్న కొత్త బాధ్యత వచ్చింది. ‘చార్జింగ్ పెట్టానా?’ అని వందసార్లు చూసుకునే జబ్బున్నవాళ్లకే ఆ పని అప్పజెప్పడం విధి చేసిన వేళాకోళం.

లూవెన్ వాళ్లు ఒకచోట, పారిస్ వాళ్లు ఇంకోచోట తీగ దించారని చెప్పుకున్నాం. రెండుచోట్లా మేలు జరగడం ఎలా? 2020లో ఆండ్రియాస్ హోర్న్ బృందం వేర్వేరు ఆస్పత్రుల రోగుల తీగలు మెదడులో ఎక్కడ కూర్చున్నాయో కంప్యూటర్ పటాల మీద గీసి చూసింది. బాగా కోలుకున్నవాళ్ల తీగలు, అవి ఏ లక్ష్యంలో ఉన్నా, ఒకే తంతువుల కట్టను తాకుతున్నాయి: ముందుమెదడు నుంచి క్యాప్సూల్ గుండా సబ్‌థాలమిక్ న్యూక్లియస్ వైపు దిగే కట్ట. ఆ కట్టకు పక్కకు జరిగినవాళ్లకు ఫలితం అంతంతమాత్రం. అంటే రెండు బృందాలూ ఇరవై ఏళ్ల కింద ఒకే తాడును రెండుచోట్ల పట్టుకున్నాయి.

అమెరికాలో ఈ చికిత్సకు 2009 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. అది మామూలు అనుమతి కాదు. రోగులు కొద్దిమందే ఉన్న జబ్బులకు, పెద్ద పరీక్షలు చేసి ప్రయోజనాన్ని రుజువు చేయకపోయినా, మేలు చేసే అవకాశం ఉందంటే చాలునని ఇచ్చే ‘మానవతా మినహాయింపు’. రెండేళ్ల తర్వాత కొందరు వైద్యులూ నీతిశాస్త్రజ్ఞులూ ఆ మినహాయింపు దుర్వినియోగమైందని గట్టిగా రాశారు. సరైన పరీక్ష లేకుండా దారి తెరిస్తే, ఇక ఆ పరీక్ష ఎవరూ చేయరని వాళ్ల వాదన. సంతకం చేసినవాళ్లలో బార్ట్ నుటిన్ కూడా ఉన్నాడు. తను కనిపెట్టినదానికే కళ్లెం వేయమన్నాడు. ఇలాంటివాళ్లు వైద్యంలో తరచుగా కనిపించరు.

పుర్రెకు రంధ్రం లేని మార్గం కూడా ఒకటి ఉంది. తలపై తీగచుట్ట పెట్టి అయస్కాంత స్పందనలతో మెదడులో కరెంటు పుట్టించడం. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ 1985లో మొదలుపెట్టిన ఈ పద్ధతి, లోతుకు చేరే ప్రత్యేక చుట్టతో 2018లో ఓసీడీకి అమెరికాలో అనుమతి పొందింది. పరీక్షలో నిజమైన చికిత్స పొందినవాళ్లలో 38 శాతం మందికీ, ఉత్తుత్తి చికిత్స పొందినవాళ్లలో 11 శాతం మందికీ మేలు కనిపించింది. డీబీఎస్ అంత బలమైనది కాదు, ప్రమాదమూ అంత లేదు. ఇందులో ఒక వింత నియమం ఉంది. ప్రతిరోజూ చుట్ట ఆన్ చేసే ముందు రోగిని కావాలని రెచ్చగొట్టాలి: ‘ఇవాళ తాళం వేశారా? గట్టిగా గుర్తుందా?’ భయం మేలుకుని ఉన్నప్పుడే స్పందనలు ఇస్తారు. మేయర్ చెప్పినదీ అదే కదా, భయాన్ని లేపి దాని ముందు కూర్చోమని.

మన దేశంలో తీవ్ర ఓసీడీకి పేరున్న చోటు బెంగళూరు నిమ్హాన్స్. రాయలసీమ నుంచి అక్కడికి రైలెక్కేవాళ్లు కొత్తేమీ కాదు. హైదరాబాద్ నిమ్స్‌లో పార్కిన్సన్స్‌కు డీబీఎస్ ఏళ్లుగా చేస్తున్నారు. కానీ మానసిక వ్యాధికి మెదడు శస్త్రచికిత్స అనగానే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అడ్డు నిలుస్తుంది. 96వ సెక్షన్ ప్రకారం రోగి స్వయంగా, అన్నీ తెలుసుకుని ఒప్పుకోవాలి, ఆపైన మానసిక ఆరోగ్య బోర్డు అనుమతి కావాలి. రోగి తరఫున తండ్రో భర్తో సంతకం పెడితే చెల్లదు. ఏ తంతువునూ కోయని డీబీఎస్ ఆ సెక్షన్ కిందికి వస్తుందా రాదా అన్నదానిమీద వైద్యుల్లో వాదన ఉంది. రావడమే మంచిదని నా అభిప్రాయం. ‘ఏదో ఒకటి చేసి వీణ్ణి బాగుచెయ్యండి’ అని విసిగిపోయి వచ్చే కుటుంబం మధ్య రోగి గొంతు వినబడాలంటే చట్టం లాంటిదేదో కావాలి. ఖర్చు సంగతి వేరే చెప్పాలా? లక్షల్లో ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక కూడా మోతాదు కుదిరేదాకా నెలల తరబడి తిరగాలి.

మోతాదు కుదర్చడమే ఇప్పటికీ పెద్ద గుడ్డిపని. రోగి డాక్టరు గదిలో ఉన్న అరగంటలో బాగున్నాడు, ఇంటికెళ్లి నెలయ్యాక ఎలా ఉంటాడో ఎవరికి తెలుసు? కొత్తతరం పెట్టెలు కరెంటు పంపడమే కాక, మెదడు సంకేతాలను రికార్డు కూడా చేస్తాయి. అమెరికాలో హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో సమీర్ షేత్, వేన్ గుడ్‌మన్ల బృందం అలాంటి పెట్టెలున్న రోగులను ఇళ్లలోనే రాత్రింబవళ్లు గమనించి 2024లో ఫలితాలు ప్రకటించింది. ఈ గుడ్‌మన్ కొలబద్ద చేసిన ఆయనే. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు స్ట్రయేటమ్ దిగువ భాగంలో సెకనుకు సుమారు తొమ్మిది స్పందనల లయ రోజూ ఒకే వేళకు పెరిగి ఒకే వేళకు తగ్గుతోంది, నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే, రేపూ అలాగే. చికిత్స పనిచేసినవాళ్లలో ఆ క్రమం చెదిరింది. జబ్బులో రోజంతా అవే తంతులతో, అవే తప్పించుకోవడాలతో నడుస్తుంది కాబట్టి మెదడు కూడా అలా గిరిగీసుకుని ఉందని, కోలుకున్నాక మనిషి రోజులు ఒకదానిలా ఒకటి ఉండవు కాబట్టి లయ కూడా మారుతోందని ఆ బృందం అనుకుంటోంది. ఇది నిలబడితే, రోగి మళ్లీ ఆస్పత్రికి వచ్చేలోపే అతని పెట్టెలోని గీతను చూసి, కరెంటు పెంచాలో తగ్గించాలో డాక్టరు నిర్ణయించవచ్చు.